పదకొండు దండలు

ఆఫీసులో ఆమెను పొరమ్మ అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా అయితే మేడమ్. భూమి కింద రెండు వేల మూడు వందల మీటర్ల లోతున, నాలుగు నిలువుల మందం కూడా లేని ఒక ఇసుక పొర కోసం ఆరేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆ పేరు ఆమెకూ తెలుసు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైంది, ఈమధ్య కాస్త ముచ్చటగా కూడా ఉండేది.

ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆమె ఏడుపు ఎవరికీ అర్థం కాదు. నేల మీద చిన్న పేలుడు పేలుస్తారు. ఆ చప్పుడు కిందికి పోయి, ఒక్కో రాతిపొర దగ్గర కొంత కొంత వెనక్కి తిరిగొస్తుంది. నేలలో వరసగా గుచ్చిన మేకులు ఆ ప్రతిధ్వనిని వింటాయి. ఉత్త మేకులు కావు, అడుగున మేకు ఉన్న బుల్లి డబ్బాలు. పుస్తకాల్లో జియోఫోన్లు అని రాస్తారు, పాతేవాళ్ళు మాత్రం మేకులనే అంటారు. వాటి వరస ఒక లైను, అవి విన్నదంతా టేపులకెక్కుతుంది. పొర మందంగా ఉంటే దాని పైభాగం ఒక కేక వేస్తుంది, అడుగుభాగం ఇంకో కేక. రెంటి మధ్య ఎడం చూసి మందం చెప్పెయ్యొచ్చు. పొర సన్నగా ఉంటే రెండు కేకలూ కలిసిపోయి ఒక్కటే వినిపిస్తుంది. మందమైన పొరల్ని ముందు తరం వాళ్ళు ఎప్పుడో పట్టుకుని, తోడుకుని, పింఛన్లు పుచ్చుకుని వెళ్ళిపోయారు. పొరమ్మ తరానికి మిగిలినవి ఈ సన్నవే.

పైవాళ్ళు ఆ విభాగాన్ని మూసెయ్యాలని రెండేళ్ళుగా చూస్తున్నారు. బతిమాలగా బతిమాలగా చివరికి ఒక్క బావికి ఒప్పుకున్నారు. చమురు పడితే విభాగం ఉంటుంది, పడకపోతే తాళం. ఉన్నది పంతొమ్మిది మంది. సగం మందికి యాభై దాటాయి, ఇది తప్ప ఇంకో పని చేతకాదు.

"ఎక్కడ తవ్వాలో నువ్వే చెప్పమ్మా," అన్నాడు విభాగం పెద్దాయన. "నా బుర్రలో ఎలాగూ ఏమీ లేదు. నీ బుర్రలో ఒక్క పొరైనా ఉంది."

ఆమె చెప్పింది. కొత్తగా కొలవడానికి చిల్లిగవ్వ ఇవ్వం అన్నారు కాబట్టి, నలభై ఒక్క ఏళ్ళ కిందటి పాత కొలతలే దిక్కయ్యాయి. టేపుల గది చూసే ఆయన, చెమ్మ పట్టిన బీరువాలోంచి పదిహేడో లైను టేపులు తీసి, చంటిపిల్లల గుడ్డలు ఆరబెట్టినంత జాగ్రత్తగా ఆరబెట్టి ఇచ్చాడు. "ఇందులో ఏమైనా ఉంటే మా ఇంటిల్లిపాదీ నీ పేరు చెప్పుకుంటామమ్మా," అన్నాడు. ఆయన వేళాకోళానికి అనలేదు.

ఆ లైనులో ఒకచోట, వరసగా పదకొండు స్టేషన్లలో, మేకులు పాతే చోట్లను అలా అంటారు, దాదాపు అర కిలోమీటరు పొడవున, పొర కేక చక్కగా, ఒకే తీరుగా వినిపించింది. ఆమెకు నమ్మకం కుదిరింది అక్కడే. గాలికి కదిలిన చెట్టు, దూరాన వెళ్ళిన లారీ, ఇలాంటి పిచ్చి చప్పుళ్ళు ఎప్పుడూ ఒకదానితో ఒకటి పొసగవు. పదకొండు మంది సాక్షులు పొల్లు పోకుండా ఒకటే మాట చెప్తుంటే ఏ జడ్జి మాత్రం నమ్మడు? అనుమానపు మనిషే అయినా ఆమె నమ్మింది. ఆ పదకొండింటికీ సరిగ్గా నడిమధ్య బావి పెట్టమంది.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో ఇద్దరే, ఆమె, నాన్న. నాన్న పన్నెండేళ్ళు ఇదే సంస్థలో మేకులు పాతే గ్యాంగులో పనిచేశాడు. పన్నెండు మేకులు ఒక తీగకు కట్టి ఉంటే దాన్ని దండ అంటారు. స్టేషనుకో దండ చొప్పున భుజాన వేసుకుని, రోజుకు పది కిలోమీటర్లు నడుస్తూ పాతిన మనిషి. పేలుళ్ళ దగ్గర నిలబడీ నిలబడీ కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి దగ్గర అరిస్తే వినిపిస్తుంది. కూతురు అదే సంస్థలో, ఏసీ గదిలో, తను పాతిన మేకులు విన్నవాటిని చదువుతోందంటే ఆయనకు పట్టరాని గర్వం. "నేను విన్నాను, మా అమ్మాయి రాస్తోంది," అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు.

"ఇప్పుడు తవ్వేది మా లైనేనా?" అని వారానికోసారి అడిగేవాడు.

"ఆఫీసు విషయాలు బయట చెప్పకూడదు నాన్నా. సంతకం పెట్టించుకున్నారు."

అది నిజమే. ఎక్కడ వెతుకుతున్నామో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదని ఆ సంస్థలో గట్టి నియమం. పటాలు బీరువాలో, బీరువా తాళం పెద్దాయన జేబులో. అందరూ ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికెళ్ళి భార్యలకు చెప్పేవాళ్ళే. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన పిచ్చిది ఈమె ఒక్కతే.

నాన్న దగ్గర గ్యాంగు కథలు బోలెడు. అన్నిట్లోకీ గొప్పది జలగల కథ. ఇంటికి ఎవరొచ్చినా టీ కప్పు చేతికిచ్చే లోపు అది మొదలయ్యేది. ఒకసారి లైను మధ్యలో పెద్ద మడుగు అడ్డమొచ్చిందట. మోకాలిలోతు బురద, దాన్నిండా జలగలు. ముందు దిగినవాడు కెవ్వుమని అరుస్తూ లాగు విప్పేసి గట్టు మీద గెంతుతున్నాడట. మేస్త్రీ తల గోక్కుని, "అడుసు తొక్కనేల కాలు కడగనేల! ఇక్కడే పాతెయ్యండ్రా," అన్నాడట. దండలన్నీ గట్టు మీదే కుప్పగా పాతేసి, పెద్ద తీగ మాత్రం మడుగు చుట్టూ తిప్పి అవతలికి చేర్చారట. సాయంత్రం సూపర్‌వైజరు వస్తున్నాడని తెలిసి, గట్టు పక్కనున్న బురద తీసి అందరూ మోకాళ్ళ దాకా పులుముకున్నారట. ఆయన ఆ కాళ్ళు చూసి కరిగిపోయి, "పని అంటే ఇదీ!" అని మర్నాడు సెలవిచ్చాడట. ఇక్కడ నాన్న రెండు చేతులతో కాళ్ళకు బురద పులుముకున్నట్టు చేసి చూపిస్తాడు. పొరమ్మ చిన్నప్పుడు ఈ కథకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. పెద్దయ్యాక కూడా, ఆ బురద పులుముడు దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చేసేది.

బావి మొదలైన పన్నెండో రోజు ఆమె తవ్వే చోటికి వెళ్ళింది. అప్పటికి పద్దెనిమిది వందల మీటర్లు దిగారు. చుట్టూ బల్లపరుపు నేల, ఎండిన గడ్డి, దూరంగా గోడౌన్ల వరస. ఇనప పలకల మీద లారీలు నడుస్తున్నాయి. ఒక లారీ వెనక చక్రం పలక తప్పి నేలలో దిగబడితే, నలుగురు కంకర పోస్తూ తిట్టుకుంటున్నారు.

"ఎండ మండిపోతుంటే ఇంత మెత్తగా ఉందేమిటి ఈ నేల?" అంది ఆమె, పక్కనున్న కాపలాదారుతో. మాటవరసకే అంది.

"పైన మట్టి పోశారు గానీ మేడమ్, అడుగున అంతా బురదే. మా చిన్నప్పుడు ఇదంతా మడుగు. గొడ్లు కూడా దిగేవి కావు."

"ఎందుకని?"

"జలగలండీ బాబూ! కాలు పెడితే వదిలేవా?"

అతను నవ్వుతున్నాడు. ఆమెకూ ముందు నవ్వే వచ్చింది, అలవాటు కొద్దీ. నవ్వు పెదాల మీద ఉండగానే అక్కడే ఒక ఇనప పెట్టె మీద కూలబడింది. ఎండ దెబ్బేమో అనుకుని అతను నీళ్ళు తెచ్చిచ్చాడు.

లోకంలో మడుగులు సవాలక్ష ఉంటాయి, జలగలు లేని మడుగు ఎక్కడుంటుంది, అని ఇంటికొచ్చే దారంతా తనకు తనే చెప్పుకుంది. ఇంట్లో అడుగు పెడుతూనే చెప్పులైనా విప్పకుండా నాన్న ఎడమ చెవి దగ్గర కూర్చుంది.

"నాన్నా, జలగల కథ చెప్పు."

ముసలాయన మొహం వెలిగిపోయింది. ఎవరైనా అడిగి చెప్పించుకోవడం ఆ కథ జన్మలో అదే మొదటిసారి. మొదలుపెట్టాడు. లాగు విప్పినవాడి గెంతులు అయ్యాయి. మేస్త్రీ సామెత దగ్గర ఆమె ఆపింది.

"ఎన్ని దండలు నాన్నా, గట్టు మీద పాతింది?"

"ఎన్నా... మడుగు అవతలి గట్టు దాకా పదకొండు పడాలి. పదకొండూ ఇక్కడే పాతేశాం, ఒకదాని పక్కన ఒకటి. అంతా కలిపి ఈ గదంత జాగాలో."

"ఏ లైనో గుర్తుందా?"

"గుర్తు లేకేం? మేస్త్రీ రోజూ పలక మీద సుద్దతో రాసేవాడు. పదిహేడు." ఆయన ఆగి ఆమె మొహంలోకి చూశాడు. "ఎందుకు తల్లీ ఇవన్నీ ఇప్పుడు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహంలా లేదే."

"ఎండలో తిరిగొచ్చాను నాన్నా. తలనొప్పి." గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బురద పులుముకోవడం చూపించాలని ఎత్తిన చేతులు అలాగే దించేసుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళింది. పదిహేడో లైను తెరిచి, ఆ పదకొండు స్టేషన్ల స్థానాలు మార్చింది. మడుగు పొడవునా అర కిలోమీటరు పరిచి ఉన్నవాటిని, నాన్న చెప్పినట్టు, గట్టు మీద గదంత జాగాలో కుప్పపోసింది. అప్పుడే ఇంకోటి కనబడింది. ఆ పదకొండు చోట్ల చప్పుడు రావలసిన వేళకు రాలేదని, టేపుల వెంట వచ్చిన కాగితం మీద పాతకాలపు గుమాస్తా ఎవరో పెన్సిలుతో "మెత్తని నేల" అని రాసి, వేళలు సరిదిద్దేశాడు. ఆ రాత టేపులు చేతికొచ్చిన రోజు నుంచీ ఆమె చూస్తూనే ఉంది. చూసిన ప్రతిసారీ, పాపం పాతవాళ్ళు ఎంత శ్రద్ధగా చేశారో అని మెచ్చుకుంది. ఆ సరిదిద్దుడు తీసేసి, లెక్క మళ్ళీ నడవమని మీట నొక్కింది.

మూడు గంటలు పట్టింది. బొమ్మ ఎడమ నుంచి కుడికి మెల్లగా పడుతూ వచ్చింది. గట్టు కింద చిన్న ఇసుక ముద్ద, ఆఫీసు వరండా అంత. దాని పక్కన మడుగు కింద ఏమీ లేదు. పొర అక్కడ సన్నబడింది కూడా కాదు, అసలు లేనే లేదు. పదకొండు మంది సాక్షులు ఒకే మాట చెప్పడం నిజమే. ఉన్నది ఒక్కడే, వాణ్ణే పదకొండు సార్లు పిలిచారు. ఆరేళ్ళ పని కళ్ళ ముందు అలా తుడిచిపెట్టుకుపోతుంటే ఆమెకు ఏడుపు కూడా రాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానే అనుకుంది. నాన్న టీ కప్పులతో బాటు ఇంటికొచ్చిన ప్రతివాడికీ పంచిన సంగతి, దానితో పనున్న ఒక్క తనకే పనున్న పూట తట్టలేదు. తిన్నప్పుడో, కూర్చున్నప్పుడో "ఈసారి పదిహేడో లైను నాన్నా" అని ఒక్కసారి నోరు జారి ఉంటే, "అయ్యో, అది జలగల లైనే!" అని ఆయన ఎగిరి గంతేసేవాడు.

పెద్దాయన గదిలోకి వెళ్ళి రెండు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బావిని పక్కకి తిప్పి ఆ గట్టు కిందికి పోదామా?"

"అక్కడున్నది పది పీపాలు సార్. పొయ్యి వెలిగించుకోవడానికి చాలదు."

"మీ నాన్నగారు పొరబడి ఉండొచ్చు. పెద్దవయసు."

"బొమ్మ పొరబడలేదు కదా సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో టేపుల గది ఆయన ఎవరితోనో కొడుకు ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, తవ్వడం ఇప్పుడు ఆపమంటే రేపు మూసేస్తారు. ఆపకపోతే ఇంకో నాలుగు రోజులకు మూసేస్తారు," అన్నాడు పెద్దాయన. "ఆ నాలుగు రోజులూ వీళ్ళను ఆశపడనీ. వెళ్ళు. ఎవరితోనూ అనకు."

మళ్ళీ అదే మాట, ఎవరితోనూ అనకు. ఆమె వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో ఆమెనే అడగాలి. వచ్చేవాడూ పోయేవాడూ "మేడమ్, ఎంతదాకా వచ్చింది?" అని అడగడం, ఆమె అంకె చెప్పడం, వాళ్ళు వేళ్ళు లెక్కపెట్టుకోవడం. రెండు వేల ఒక వంద. రెండు వేల రెండు వందలు. టేపుల గది ఆయన స్వీటు పాకెట్టు తెచ్చి బీరువాలో దాచాడు, చమురు పడిన రోజు విప్పుదామని. ఎవరో ఆమె కుర్చీకి కొత్త దిండు కుట్టించి తెచ్చారు, ఆరేళ్ళు ఈ చెక్క మీద కూర్చుని నడుం పోయుంటుంది పాపం అని. ఆ దిండు మీద కూర్చోవడం కంటే ముళ్ళ మీద కూర్చోవడం నయమనిపించింది ఆమెకు. చెప్పేద్దామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. రెండుసార్లూ మింగేసింది. పిరికితనమో జాలో ఆమెకే తెలియలేదు.

ఐదో రోజు పొద్దున పదకొండింటికి ఫోను మోగింది. రెండు వేల మూడు వందల నాలుగు మీటర్ల దగ్గర ఇసుక తగిలింది. మందం మీటరుకు కాస్త పైన, ఏ బొమ్మలోనూ కనబడనంత సన్నం. నిండా ఉప్పునీళ్ళు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, వీళ్ళకు ఆ ఎలుక కూడా దొరకలేదు. పెద్దాయన హాల్లోకి వచ్చి, "లేదు," అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయాడు. పంతొమ్మిది మందీ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, చేతికి దొరికిన కాగితం మీద ఏదో చదువుతున్నట్టు నటించారు.

ఎందుకు తప్పిందో నివేదిక రాయాలేమో అని ఆమె వారం రోజులు ఎదురు చూసింది. ఎవరూ అడగలేదు. మూసేసే దుకాణానికి లెక్కలెందుకు? తాళం వేసే రోజున టేపుల గది ఆయన బీరువా ఖాళీ చేస్తూ, విప్పని స్వీటు పాకెట్టు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆమె బల్ల మీద పెట్టాడు. "నీ తప్పేం లేదులేమ్మా," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ఆయన మంచిగానే అన్నాడు. అందుకని ఆమె ఆ పాకెట్టు సంచిలో వేసుకుని, మెట్లు దిగి, బస్టాపు దాకా తల ఎత్తకుండా నడిచింది.

నాన్న గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉన్నాడు. పదిహేను రోజులుగా ఆయన కథలేవీ చెప్పడం లేదు. పక్కింటివాళ్ళు వచ్చినా టీ ఇచ్చి ఊరుకుంటున్నాడు. కూతురి సంచి, ఆ సంచిలోంచి తొంగిచూస్తున్న ఆఫీసు కప్పు, మొహం, అన్నీ చూశాడు.

"పోయిందా?"

తలూపింది.

"అందరికీనా?"

మళ్ళీ తలూపింది. ఆయన చేతులు కుర్చీ పిడిని పట్టుకున్నాయి. అడగాలా వద్దా అని ఆయన లోపల్లోపల కొట్టుమిట్టాడటం ఆమెకు కనబడుతూనే ఉంది. చివరికి అడిగాడు.

"ఏ లైను తల్లీ అది?"

ఆమె కిందికి వంగి, ఆయన ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇరవై రెండు."

"ఎంత?"

"ఇరవై రెండు నాన్నా!" వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అరిచింది. "ఇరవై రెండో లైను!"

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. కుర్చీ పిడి మీద చేతులు వదులయ్యాయి. మొహంలోకి నెమ్మదిగా రక్తం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

"అదీ సంగతి! ఇరవై రెండు మాది కాదు, అది రెండో గ్యాంగు వెధవలది. వాళ్ళెప్పుడూ అంతే, పనిదొంగలు. మేమూ ఆడుకున్నాం, లేదనను, ఏదో ఒక పూట చిలిపితనం. వాళ్ళు అలా కాదు, లైనంతా ఎగ్గొట్టే రకం. చూశావా, ఎవడో ఒళ్ళు వంచనందుకు ఇంతమంది నోటి దగ్గర కూడు పోయింది! అలాంటివాళ్ళకు చచ్చాక కూడా గతులుండవమ్మా. ఉండకూడదు."

"అవును నాన్నా," అంది ఆమె.

"ఏమిటీ?"

ఆమె మళ్ళీ వంగింది. ఎడమ చెవి దగ్గర, ఆయనకు వినబడేలా, ఆ మాటే గట్టిగా చెప్పింది.